చెట్లు ఎటు పడ్డాయో చూడాలి: గాలివానలు, డౌన్‌బరస్ట్‌లు, టోర్నడోల లెక్క

2024 ఆగస్టు 31న ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారం మధ్య ఉన్న అడవి ఒక్క గాలివానకు నేలకు ఒరిగిపోయింది. సుమారు 200 హెక్టార్లలో దాదాపు 50 వేల చెట్లు పడిపోయాయని అటవీ అధికారుల తొలి అంచనా. అప్పుడు బంగాళాఖాతంలో ఉన్న వాయుగుండం ఆ అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది. బుడమేరు పొంగి విజయవాడ మునిగిపోవడంతో అందరి దృష్టీ అటే ఉంది. అడవి సంగతి బయటికి తెలిసేసరికి నాలుగు రోజులు పట్టింది. తెలియగానే కొందరు టోర్నడో అన్నారు, కొందరు క్లౌడ్ బరస్ట్ అన్నారు. టీవీల్లో రెండు మాటలూ ఒకే వార్తలో వినిపించాయి.

ఈ రెండూ ఒకటి కావు. టోర్నడో అంటే మేఘం నుంచి నేల దాకా సాగే గాలి సుడి. క్లౌడ్ బరస్ట్ అనేది వాన లెక్క. ఇరవై, ముప్ఫై చదరపు కిలోమీటర్ల చోట గంటలో 10 సెంటీమీటర్లకు పైగా వాన కురిస్తే వాతావరణ శాఖ దాన్ని ఆ పేరుతో పిలుస్తుంది. ఆ వాన నేలను నానబెట్టి వేళ్ల పట్టు సడలించగలదు, కానీ వేల చెట్లను ఒకే దెబ్బకు పడగొట్టాలంటే గాలి కావాలి. ఆ గాలి మేఘంలోకి లాక్కోబడుతూ వచ్చిందా, మేఘంలోంచి దిగుతూ వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘం, ఎలా పనిచేస్తుందో మొదట్నుంచి చూడాలి.

మన ఏప్రిల్ మధ్యాహ్నాన్నే తీసుకుందాం. నేల దగ్గర బంగాళాఖాతం మీదుగా వచ్చిన తేమ గాలి ఉంటుంది. దాని పైన, ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో, మధ్య భారతం వైపు నుంచి వచ్చిన వేడి పొడిగాలి పొర పరుచుకుని ఉంటుంది. ఈ పొర మూతలా పనిచేస్తుంది. కింది గాలి వేడెక్కి పైకి లేవబోతుంది, కానీ పైనున్న పొర తనకన్నా వేడిగా ఉండటంతో అక్కడే ఆగిపోతుంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్కపోత ఆ రోజుల్లోనే. ఆ మూత అలాగే ఉండిపోతే వాన రాదు, రాత్రికి కూడా ఉక్క తగ్గదు. ఎండ ఇంకా పెరిగినా, వాతావరణ శాఖ బులెటిన్లలో తరచూ వినిపించే ద్రోణి, అంటే పొడవుగా సాగిన అల్పపీడన ప్రాంతం, ఏదైనా తెలంగాణ, రాయలసీమల మీదుగా సాగి కింది గాలిని పైకి నెట్టినా, సాయంత్రం మూడు, నాలుగు గంటలకు ఆ మూత ఎక్కడో ఒకచోట తెగుతుంది. అప్పటిదాకా కింద పోగుపడినదంతా ఆ దారినే పైకి పోతుంది.

పైకి పోయే కొద్దీ గాలి చల్లబడుతుంది. పొడిగా ఉన్నంతవరకు కిలోమీటరుకు పది డిగ్రీల చొప్పున. ఒక ఎత్తుకు వెళ్లాక అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలవుతుంది. ఆవిరి నీరైతే వేడి బయటికి వస్తుంది. ఒక్క కిలో ఆవిరి నీరైతే వచ్చే వేడి సుమారు 25 లక్షల జౌల్స్. రెండున్నర టన్నుల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి అది సరిపోతుంది. ఆ వేడితో పైకి లేచే గాలి చల్లబడటం సగానికి సగం తగ్గిపోతుంది. చుట్టూ ఉన్న గాలి కన్నా అది వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఇంకా పైకి లేస్తుంది, లేచే కొద్దీ ఇంకా ఆవిరి నీరవుతుంది. ఇలా మన దగ్గర మేఘం 15, 16 కిలోమీటర్ల ఎత్తు వరకు కూడా పెరుగుతుంది. దాన్ని నడిపేది ఆవిరిలో దాగిన వేడి. సముద్రం నుంచి తేమ రాకపోతే ఎంత ఎండ కాసినా ఆ మేఘం పుట్టదు.

దాని లోపల ఏం జరుగుతోందో 1940ల దాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వం 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఒహాయోలో యుద్ధ విమానాలను కావాలనే ఉరుముల మేఘాల్లోకి పంపింది. ఒకే మేఘంలోకి వేర్వేరు ఎత్తుల్లో ఐదు విమానాలు ఒకేసారి దూరేవి. ఆ పనికి నాయకుడు హోరేస్ బయర్స్. ఆయన, రాస్కో బ్రహామ్ కలిసి తేల్చిన విషయం నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది: మామూలు ఉరుముల మేఘం ఆయుష్షు గంటకు మించదు. మొదట అంతా పైకి లేచే గాలే. తర్వాత వాన పడటం మొదలై కొంత గాలి పైకి, కొంత కిందికి. చివర్లో అంతా కిందికే. తాను కురిపించిన వానే మేఘానికి ఊపిరి ఆపేస్తుంది. పడే చినుకులు, వడగళ్లు తమతోపాటు గాలిని కిందికి లాగుతాయి. ఆ చల్లని గాలి నేల మీద పరుచుకుని, మేఘంలోకి వెచ్చని తేమ గాలి వెళ్లే దారిని మూసేస్తుంది.

ఊళ్లో నిలబడి చూసేవాళ్లకు ఇదంతా పది నిమిషాల వ్యవహారం. పడమటి దిక్కు నల్లబడుతుంది. ఆకు కదలదు. హఠాత్తుగా చల్లగాలి ముఖానికి తగులుతుంది, దాంతోపాటే తడిమట్టి వాసన. మన దగ్గర ఇంకా చినుకు పడలేదు, కానీ నాలుగైదు కిలోమీటర్ల అవతల పడిన వాన చల్లబరిచిన గాలి మన దాకా వచ్చేసింది. వెనకే దుమ్ము లేస్తుంది, మామిడి తోటలో కాయలు టపటపా రాలతాయి, కొనుగోలు కేంద్రంలో ధాన్యం రాశుల మీద కప్పిన టార్పాలిన్ పట్టాలు లేచిపోతాయి. ఆ తర్వాతే పెద్ద పెద్ద చినుకులు. రైతు పరుగెత్తేది ఆ చల్లగాలి తగిలిన క్షణంలోనే, అది సరైన పనే. వానకన్నా ముందు వచ్చే ఆ గాలి అంచునే వాతావరణ శాస్త్రంలో గస్ట్ ఫ్రంట్ అంటారు.

కిందికి దిగే గాలి ఒక్కోసారి మామూలుగా ఉండదు. చినుకులు పడుతూ పడుతూ మేఘం కింద ఉన్న పొడిగాలిలోకి వస్తే అక్కడే ఆవిరైపోతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని ఆ గాలి నుంచే తీసుకుంటాయి. గాలి ఒక్కసారిగా చల్లబడి, బరువెక్కి, ఇంకా వేగంగా కిందికి జారుతుంది. ఎండాకాలంలో మేఘం అడుగు రెండు కిలోమీటర్లకు పైగా ఎత్తులో ఉండి, కిందంతా పొడిగా ఉన్న రోజున ఇది మరీ ఎక్కువ. నాలుగు చినుకులే పడి, ఇంటి పైరేకులు మాత్రం ఎగిరిపోయాయని ప్రతి మే నెలలో వింటాం కదా, దాని వెనక ఉన్న సంగతి ఇదే. నిండు బిందెను నేల మీద గుమ్మరిస్తే నీళ్లు నలుదిక్కులకూ చిమ్మినట్టు, నేలను తాకిన ఆ గాలి అన్ని వైపులకూ చిమ్ముతుంది. దీనికి డౌన్‌బరస్ట్ అని పేరు. నాలుగు కిలోమీటర్ల లోపు వ్యాసంలో ముగిసేదాన్ని మైక్రోబరస్ట్ అంటారు.

ఈ పేర్లు పెట్టింది వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా. చెట్ల లెక్క మొదలయ్యేది ఆయన దగ్గరే కాబట్టి ఆయన గురించి కాస్త ఆగి చెప్పాలి. 1945లో ఆయన జపాన్‌లో కొకురా నగరం పక్కనున్న కాలేజీలో యువ అధ్యాపకుడు. ఆగస్టు 9న రెండో అణుబాంబు వేయాలనుకున్న మొదటి లక్ష్యం కొకురానే. ఆ ఉదయం మేఘాలు, పొగ కమ్మి గురి కుదరక విమానం నాగసాకికి మళ్లింది. కొన్ని వారాల తర్వాత ఫుజిటా నాగసాకి శిథిలాలు చూడటానికి వెళ్లారు. పేలుడు జరిగిన చోటుకి సరిగ్గా కింద ఉన్న చెట్లు కొన్ని నిలబడే ఉన్నాయి. దూరంగా ఉన్నవి మాత్రం బయటి వైపుకి, బండి చక్రం ఆకుల్లా పడి ఉన్నాయి. పైనుంచి వచ్చిన దెబ్బ నేలను తాకి చుట్టూ చిమ్మితే చెట్లు అలాగే పడతాయి.

రెండేళ్ల తర్వాత జపాన్‌లోని క్యూషూ దీవిలో సెఫురి కొండ మీద, మేఘం లోంచి గాలి కిందికి దిగుతుందని ఆయన సొంతంగా లెక్కగట్టారు. బయర్స్ కూడా అదే పని చేస్తున్నారని తెలిసి తన వ్యాసాన్ని అమెరికాకు పంపారు. బయర్స్ పిలుపుతో 1953లో షికాగో చేరారు. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో ఒక్క రోజు వ్యవధిలో అమెరికాలో 148 టోర్నడోలు వచ్చాయి. ఆ నష్టాన్ని చిన్న విమానంలోంచి చూస్తూ వెళ్తుండగా వెస్ట్ వర్జీనియాలోని బెక్లీ దగ్గర అడవిలో ఆయనకు ఒక వింత కనిపించింది. చెట్లు సుడి తిరిగి పడలేదు. ఒక కేంద్రం నుంచి బయటికి, నాగసాకిలో చూసినట్టే పడి ఉన్నాయి.

మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వేకు ముందే కూలి 113 మంది చనిపోయారు. కారణం వెతికిన ఫుజిటా మైక్రోబరస్ట్ అన్నారు. విమానం ఆ చిమ్మే గాలిలోకి ప్రవేశించగానే ఎదురుగాలి తగిలి పైకి లేస్తుంది, పైలట్ ఇంజిన్ జోరు తగ్గిస్తాడు. మరుక్షణం నడుమనున్న దిగేగాలి కిందికి నొక్కుతుంది. అది దాటగానే వెనకగాలి తగిలి రెక్కల కింద బలం పోతుంది. నేలకు వంద, నూటయాభై మీటర్ల ఎత్తులో ఇదంతా అర నిమిషంలో జరిగితే తేరుకునే సమయం ఉండదు. చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. నేల దగ్గర అంత వేగంతో గాలి దిగదని వాదించారు. 1978లో షికాగో శివార్లలో రాడార్లు పెట్టి ఫుజిటా దాన్ని పట్టి చూపించారు. ఇప్పుడు విమానాశ్రయాల్లో ఉన్న గాలి మార్పు హెచ్చరికల వ్యవస్థలకు, పైలట్లకు ఇచ్చే శిక్షణకు పునాది అదే.

టోర్నడోలో గాలి కథ దీనికి పూర్తిగా తిరగబడుతుంది. దానికి మామూలు మేఘం చాలదు. తాను కురిపించే వానకు తానే బలైపోని మేఘం కావాలి. నేల దగ్గర గాలి ఒక దిక్కు నుంచి మెల్లగా, ఆరేడు కిలోమీటర్ల ఎత్తులో మరో దిక్కు నుంచి జోరుగా వీస్తుంటే మేఘం నిటారుగా నిలవదు. వాన ఒక పక్కకు పడుతుంది, తేమ గాలి మరో పక్క నుంచి లోపలికి వెళ్తుంది. రెండు దారులు వేరైపోయాయి కాబట్టి ఆ మేఘం గంటల తరబడి బతుకుతుంది. పైగా ఎత్తును బట్టి గాలి వేగం మారినప్పుడు, ఆ మధ్య పొరల్లోని గాలి అడ్డంగా పడుకున్న ఇరుసు చుట్టూ దొర్లుతూ ఉంటుంది. పైకి లేచే గాలి ఆ దొర్లుడును తనతో ఎత్తి నిలువుగా నిలబెడుతుంది. అప్పుడు మేఘం నడుమ భాగమే నెమ్మదిగా తిరగడం మొదలవుతుంది. దీన్ని సూపర్‌సెల్ అంటారు.

ఇంతవరకు వచ్చిన మేఘాల్లో కూడా ఎక్కువ భాగం టోర్నడోను పుట్టించవు. తిరుగుడు నేల దాకా రావాలంటే వాన వెనక నుంచి దిగే గాలి సాయం కావాలి. ఆ గాలి మరీ చల్లగా ఉంటే బరువుకు నేల మీదే పరుచుకుపోయి వ్యవహారం అక్కడే ముగుస్తుంది. ఓ మోస్తరు చల్లగా ఉంటే పైనున్న లాగుడు దాన్ని మళ్లీ పైకి లాగి, సన్నగా సాగదీస్తుంది. సాగే కొద్దీ వేగం పెరుగుతుంది. రెండు కిలోమీటర్ల వ్యాసార్థంలో సెకనుకు ఐదు మీటర్ల వేగంతో తిరుగుతున్న గాలిని 200 మీటర్లకు కుదించామనుకోండి, ఘర్షణను పక్కనపెడితే వేగం పది రెట్లవుతుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1999 మే 3న ఓక్లహోమా సిటీ శివారులోని మూర్ పట్టణం మీదుగా వెళ్లిన టోర్నడోలో లారీ మీద అమర్చిన రాడార్ గంటకు 480 కిలోమీటర్లు దాటిన వేగాన్ని నమోదు చేసింది. టోర్నడోలకు తీవ్రతను బట్టి అంకెలు ఇచ్చే పద్ధతీ ఫుజిటాదే. 1971లో ఆయన పెట్టిన ఆ స్కేలును 2007లో సవరించారు. అంకె ఇచ్చేది గాలిని కొలిచి కాదు, కూలిన ఇళ్లను, విరిగిన చెట్లను చూసి.

అమెరికాలో ఏటా వెయ్యికి పైగా టోర్నడోలు వస్తాయి. మెక్సికో సింధుశాఖ నుంచి తేమ, రాకీ పర్వతాల వైపు నుంచి పొడిగాలి, వాటి పైన చాలా ఎత్తులో జోరుగా వీచే జెట్ స్ట్రీమ్, మూడూ కలిసేది ఓక్లహోమా, కాన్సాస్, టెక్సస్ మైదానాల్లోనే. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లకు సైరన్ మోత కొత్త కాదు. అక్కడ టోర్నడో వాచ్ అంటే వచ్చే వీలుందని, వార్నింగ్ అంటే రాడార్‌లోనో కళ్లకో కనిపించిందని. వార్నింగ్‌కు, దెబ్బకు మధ్య సగటున దొరికేది పది నిమిషాలు అటూ ఇటూ. టెక్సస్ ఇళ్లకు నేలమాళిగలు అరుదు కాబట్టి కింది అంతస్తులో కిటికీలు లేని నడిమి గదో, బాత్‌రూమో చూసుకోవాలి. వీడియో కోసం బాల్కనీలోకి వెళ్లకండి అని అక్కడున్న ప్రతి తెలుగు కుటుంబానికీ చెప్పాలనిపిస్తుంది.

మన ఉపఖండంలో ఆ మూడూ కలిసే చోటు బెంగాల్ మైదానం. ఏప్రిల్‌లో కింద బంగాళాఖాతం తేమ, పైన హిమాలయాలకు దక్షిణంగా వీచే బలమైన పడమటి గాలులు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతాల్లో వచ్చిన టోర్నడో సుమారు 1,300 మందిని బలి తీసుకుంది. ప్రపంచంలో ఒక్క టోర్నడోకు అంతకన్నా ఎక్కువ మంది చనిపోయినట్టు దాఖలా లేదు. 2024 మార్చి 31న పశ్చిమ బెంగాల్‌లోని మైనాగుడిని కూడా టోర్నడో తాకింది. మన తెలుగు నేలకు వచ్చేసరికి ఎండాకాలంలో పైగాలులు అంత బలంగా ఉండవు. తేమ ఉంది, వేడి ఉంది, కింది గాలికి, పైగాలికి మధ్య తేడా చాలదు. అందుకే మన మేఘాలు గంటలో తమను తాము ముగించుకుంటాయి, లేదంటే వరుసకట్టి ఈదురుగాలుల గోడలా సాగిపోతాయి. ఎండకు వేడెక్కిన మైదానంలో ఆకులను, కాగితాలను తిప్పే సుడిగాలి నేల నుంచి పుట్టేది, దానికి మేఘంతో పని లేదు. సముద్రం మీద, పెద్ద చెరువుల మీద అప్పుడప్పుడు లేచే నీటి స్తంభాలు చాలావరకు బలహీనమైనవి, వాటికి సూపర్‌సెల్ అక్కర్లేదు.

మరి అడవి పడిపోయినప్పుడు ఏం చూడాలి? టోర్నడో గాలిని లోపలికి లాగుతూ ముందుకు సాగుతుంది. నష్టం పొడవుగా, సన్నగా, అంచులు తెగ్గొట్టినట్టు ఉంటుంది. బాటకు రెండు పక్కలా ఉన్న చెట్లు నడుమ వైపుకి తలలు పెట్టి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడతాయి. డౌన్‌బరస్ట్ అయితే తలలు బయటి వైపు. నష్టం వెడల్పుగా, విసనకర్ర ఆకారంలో పరుచుకుంటుంది, పక్కపక్కనున్న చెట్లు ఒకే దిక్కుకు సమాంతరంగా ఒరుగుతాయి. దుంగలు తొలగించకముందే డ్రోన్‌తో పైనుంచి తీసిన ఫొటోలు, ఒక్కో చెట్టు ఒరిగిన దిక్కు, ఇవి ఉంటే చాలావరకు తేలిపోతుంది. తీరం వైపు వస్తున్న వాయుగుండంలో గాలి తేడా ఎక్కువే ఉంటుంది కాబట్టి ములుగు విషయంలో టోర్నడో మాటను కొట్టిపారేయలేం. అయినా మన ప్రాంతంలో చెట్లు, స్తంభాలు, హోర్డింగులు పడిన ప్రతిసారీ మొదట అనుమానించాల్సింది కిందికి దిగిన గాలినే.

వడగళ్ల సంగతి రెండు మాటల్లో. జూన్, జులైల కన్నా మార్చి, ఏప్రిల్‌లలోనే అవి ఎక్కువ పడతాయి. వానాకాలంలో సున్నా డిగ్రీలుండే ఎత్తు ఐదు కిలోమీటర్లు దాటుతుంది. చిన్న మంచు ముక్క అంత దూరం తేమ గాలిలో పడే లోపు కరిగిపోతుంది. వేసవి మొదట్లో పైన గాలి ఇంకా చల్లగా, పొడిగా ఉంటుంది కాబట్టి మంచు కరగకుండానే పంట మీదికి వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పిడుగు ఒక ఎత్తు. దేశంలో 2022లో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రకృతి వైపరీత్యాల మరణాల్లో అది మూడో వంతు కన్నా ఎక్కువ. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసింది. తుఫానుకు ఊళ్లు ఖాళీ చేయించినంత శ్రద్ధ పిడుగు మీద పెట్టకపోవడం అన్యాయం అనిపిస్తుంది. అది ఒక్కొక్కరినే తీసుకెళ్తుంది కాబట్టి మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్తగా మిగిలిపోతుంది.

మేఘంలో సున్నాకు దిగువన పది, ఇరవై డిగ్రీలు ఉండే ఎత్తులో మెత్తని మంచు ఉండలు, సన్నని మంచు పలుకులు ఒకదానికొకటి తగులుతుంటాయి. తగిలినప్పుడు బరువైన ఉండ రుణావేశాన్ని, తేలికైన పలుకు ధనావేశాన్ని పట్టుకుంటుంది. పైకి లేచే గాలి పలుకులను మేఘం తలకు చేరుస్తుంది, ఉండలు నడుమనే ఆగుతాయి. ఆ తేడాను గాలి ఆపలేని స్థాయికి చేరగానే మేఘం నుంచి యాభై మీటర్ల అంగలతో ఒక విద్యుత్ బాట కిందికి దిగుతుంది. నేల మీద ఎత్తుగా ఉన్నవాటి నుంచి చిన్న చిన్న మెరుపు దారాలు దానికి ఎదురు లేస్తాయి. ఏది ముందు అందుకుంటే దానిలోంచి ప్రవాహం. ఆ దారిలో గాలి 30 వేల డిగ్రీల దాకా వేడెక్కి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ చప్పుడే ఉరుము.

ఎదురు దారం చెట్టు నుంచి లేస్తుంది, గొడుగు నుంచి లేస్తుంది, ఖాళీ పొలంలో నిలబడ్డ మనిషి తల నుంచీ లేస్తుంది. సెల్‌ఫోన్ పిడుగును పిలవదు, ఆ అపోహ వల్ల అసలు ప్రమాదం మరుగున పడుతోంది. అసలు ప్రమాదం చెట్టు కింద ఉంది. చెట్టు మీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకగలదు, వేళ్ల దారిన నేలలోకి పాకగలదు. నేలలో పాకేటప్పుడు రెండు అడుగుల మధ్య వోల్టేజి తేడా వస్తుంది. ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ కాబట్టి పశువులకు ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. చెట్టు కింద చేరిన గొర్రెల మంద మొత్తం ఒకేసారి చనిపోవడానికి కారణం ఇదే. వాన ఇంకా రాలేదు కదా అని నాట్లు ఆపకుండా ఉండటమూ ప్రమాదమే. మేఘం పది కిలోమీటర్ల అవతల ఉన్నా పిడుగు ఇక్కడ పడగలదు.

హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం, శ్రీహరికోటల్లో వానను, గాలి కదలికను పసిగట్టే డాప్లర్ రాడార్లు ఉన్నాయి. మేఘం ఏ మండలం మీద పుడుతుందో ఉదయాన్నే చెప్పడం వాటి వల్ల కాదు. మూత ఎక్కడ తెగుతుందో తెగేదాకా తెలియదు. తెగాక మాత్రం గంట, రెండు గంటల ముందు హెచ్చరిక ఇవ్వగలరు. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. పొలంలో ఫోన్ లేకపోయినా పర్వాలేదు. మెరుపు చూసి లెక్కపెట్టడం మొదలుపెడితే ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపే ఉరుము వినిపిస్తే మేఘం పది కిలోమీటర్లలో ఉంది, మీరు దాని పరిధిలో ఉన్నారు. 'అర్జునా, ఫల్గుణా' అని తలుచుకుంటూనే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాటే వరకు బయటికి రాకూడదు. వాన తగ్గిందని అప్పుడే తిరిగి పొలంలోకి దిగితే, వెళ్లిపోతున్న మేఘం అంచు ఇంకా తల మీదే ఉంటుంది.